బియ్యపు గింజంత పేస్టు
(ఎల్బీ నగర్‌లో తీజ్ సంబరాల సభలో యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





మాకు ఇచ్చిన అంశం "యువత - ఆరోగ్యం". అది చాలా పెద్ద అంశం. ఇచ్చిన పావుగంటలో అంత చెప్పలేం కాబట్టి మేం దాన్ని చిన్నది చేసుకున్నాం. ఇంట్లో చిన్నపిల్లలకు ఏ టూత్‌పేస్టు కొనాలి? ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాం.

కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, మంచిదే. మన ముందు తరంలో చాలామంది నవ్వు వచ్చినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా మాట అక్కడి నుంచే మొదలవుతుంది.

మనలో చాలా కుటుంబాలు సాగర్ రోడ్డు పట్టుకుని ఈ నగరానికి వచ్చినవే. దేవరకొండ, చందంపేట, చింతపల్లి, మర్రిగూడ, మాల్ చుట్టుపక్కల తాండాల నుంచి బయల్దేరి హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం దగ్గర ఆగాం. కొందరు మేస్త్రీ పనికి, కొందరు ఆటో నడపడానికి, కొందరు చదువుకు వచ్చారు. మన యాడి, బాపు పుట్టి పెరిగింది బోరు నీళ్ల మీద. ఆ నీళ్లు వాళ్లకు ఇచ్చింది గార పళ్లు. ముందు సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు, తర్వాత పసుపు, ఆ తర్వాత గోధుమరంగు చారలు. ఎంత తోమినా పోవు. తోమడం లేదని బడిలో పంతులు తిట్టాడు. పెళ్లిచూపుల్లో నోరు విప్పొద్దని ఇంట్లో వాళ్లు చెప్పారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో పెదాలు కదపకుండా మాట్లాడిన వాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

అది తోమకపోవడం వల్ల వచ్చింది కాదు. మన నల్గొండ ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఆ రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలోకి అది కరుగుతుంది. పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు ఎక్కువగా ఒంట్లోకి పోతే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు. మరీ ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకూ పాకుతుంది. నడుము వంగదు, మెడ తిరగదు, కాళ్లు వంకరపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో రాశారు. అది కూడా తెలుగు నేల మీదే, ఇప్పటి ప్రకాశం జిల్లా పొదిలి, దర్శి వైపు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నాగార్జునసాగర్ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గమనించి 1973లో ప్రపంచానికి చెప్పారు. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద ఉంచిన ఫోటో మీరందరూ చూసే ఉంటారు. ఫ్లోరైడ్ అనే మాట వింటే మన గుండె ఎందుకు ఝల్లుమంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కింద మా యువజన విభాగం వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు తయారు చేసి పంచాం. "మన ఊళ్లను నాశనం చేసిన ఫ్లోరైడ్ మీ పిల్లల పేస్టులో ఉంది, జాగ్రత్త" అని ఎర్ర అక్షరాలతో రాశాం. వెయ్యిమందికి పైగా చూశారని సంబరపడ్డాం. అది తయారు చేసిన రోజు మాలో ఎవ్వరం ఒక్క డాక్టర్ని అడగలేదు, ఒక్క పుస్తకం తెరవలేదు. మనకు తెలిసిన విషయమే కదా అనుకున్నాం.

ఆ పోస్టరు చూసిన వాళ్లలో మా సభ్యుల్లోనే ఒక కుటుంబం ఉంది. వాళ్ల తాతకు నడుము వంగదు. ఆ భయంతో పాపకు ఫ్లోరైడ్ లేని పేస్టు వెతికి మరీ కొన్నారు. మామూలు దాని కన్నా ఎక్కువ డబ్బు పెట్టారు. పాపకు నాలుగేళ్లు వచ్చేసరికి పై వరసలో ముందు పళ్లు నాలుగూ నల్లబడి అరిగిపోయాయి. రాత్రిళ్లు నొప్పితో ఏడుపు. అన్నం నమలలేక బిస్కెట్టు పాలలో ముంచుకుని తినేది, దాంతో ఇంకా పాడయ్యాయి. చివరికి రెండు పళ్లు తీశారు, మిగతావాటికి మందు పెట్టి పూడ్చారు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు మూడే. రాత్రి చక్కెర పాల సీసాతో పడుకుంటుందా? పడుకునే ముందు పళ్లు ఎవరైనా తోముతున్నారా? పేస్టులో ఫ్లోరైడ్ ఉందా? మొదటి ప్రశ్నకు అవును. రెండో దానికి లేదు. మూడో దానికి వాళ్ల నాన్న గర్వంగా "లేదు మేడం, చూసి కొన్నాం" అన్నాడు.

తప్పంతా పేస్టుదే అని మేం అనడం లేదు. పాల సీసా పాత్ర పెద్దది. కానీ ఆ పళ్లకు ఉండాల్సిన ఒక కాపలాను మా పోస్టరు తీసేసింది. ఆ పాప ఇక్కడే ముందు వరసలో కూర్చుంది. అందుకే ఈరోజు ఈ అంశం.

అసలు సంగతి ఏమిటో చూద్దాం. ఫ్లోరైడ్ మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నే తప్పు. ఎంత అన్నది అసలు ప్రశ్న. కూరలో చిటికెడు ఉప్పు రుచి, గుప్పెడు ఉప్పు వేస్తే పారబోయాల్సిందే.

ఈ రెండు ముఖాలూ ఒకేచోట బయటపడ్డాయని మీకు తెలుసా? అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో పిల్లలకు మన గార పళ్లలాంటివే ఉండేవి. ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు గత శతాబ్దం మొదటి నుంచి ఏళ్ల తరబడి దాని వెంట పడ్డాడు. 1931లో కారణం తేలింది, నీళ్లలో ఫ్లోరైడ్ అని. దాంతోపాటు ఇంకో సంగతి కూడా చూశారు. ఆ పళ్లు మచ్చలతో ఉన్నాయి గానీ, పుచ్చిపోవడం తక్కువ. అక్కడి నుంచే తక్కువ మోతాదులో ఫ్లోరైడ్‌ను పళ్ల రక్షణకు వాడటం మొదలైంది. మన తాతలను వంచిన పదార్థమే, కొలిచి వాడితే పన్నును కాపాడుతుంది.

ఎలా కాపాడుతుంది? మనం తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఉన్న సూక్ష్మక్రిములు ఆ చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మన ఉమ్మి దాన్ని మళ్లీ పూడ్చే ప్రయత్నం చేస్తుంది. పంటి మీద కొంచెం ఫ్లోరైడ్ ఉంటే ఆ పూడ్చే పని త్వరగా, గట్టిగా జరుగుతుంది. గమనించండి, పేస్టులోని ఫ్లోరైడ్ పని చేసేది పంటి మీద. కడుపులో దానితో పని లేదు. కాబట్టి పంటికి తగలాలి, కడుపులోకి పోకూడదు. పిల్లల పేస్టు గురించి తెలుసుకోవాల్సిందంతా దాదాపు ఈ ఒక్క మాటలో ఉంది.

ఇక లెక్క చూద్దాం. గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్లు వేళ్ల మీద చేసేస్తారు. నీళ్లలో 1 పీపీఎం ఫ్లోరైడ్ అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. పేస్టు ట్యూబు మీద 1000 పీపీఎం అని ఉంటుంది. వెయ్యి అని చూసి భయపడతాం. కానీ పేస్టును లీటర్లలో తాగం కదా. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పేస్టు సుమారు గ్రాములో పదో వంతు. అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. ఇప్పుడు 5 పీపీఎం ఉన్న బోరు నీళ్లు ఒక లీటరు తాగిన బిడ్డ ఒంట్లోకి పోయేది 5 మిల్లీగ్రాములు. అంటే యాభై బియ్యపు గింజలంత పేస్టు, ఒక్క చుక్క ఉమ్మకుండా మింగినంత. మన పెద్దలను దెబ్బతీసింది ఆ నీళ్లు. రోజూ, దాహం వేసినప్పుడల్లా, వంటలో కూడా.

అయితే మా పోస్టరులో కాస్త నిజం కూడా ఉంది, అదీ చెప్పాలి. టీవీ ప్రకటనల్లో బ్రష్షు నిండా పామును పరిచినట్టు పేస్టు పెడతారు. అది సుమారు ఒక గ్రాము. రెండేళ్ల పిల్లకు ఉమ్మడం రాదు, పెట్టిందంతా మింగేస్తుంది. రోజుకు రెండుసార్లు అలా మింగితే, లోపల తయారవుతున్న శాశ్వత దంతాల మీద తెల్ల మచ్చలు రావచ్చు. కాబట్టి పేస్టు మానేయొద్దు, పరిమాణం తగ్గించాలి.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం. కొత్తపేటలో గానీ, చైతన్యపురిలో గానీ ఏ షాపుకైనా వెళ్లండి, పిల్లల పేస్టులకు ఒక అరే వేరుగా ఉంటుంది. డబ్బా మీద కార్టూన్ బొమ్మలు, స్ట్రాబెర్రీ వాసన. ముందు వైపు చూడొద్దు, వెనక్కి తిప్పండి. కంపెనీ పేరు మేం చెప్పం. ఏం చదవాలో చెబుతాం.

మొదటిది, ఫ్లోరైడ్ ఎంత ఉందో చూడండి. మన దేశంలో ఫ్లోరైడ్ ఉన్న పేస్టులో అది 1000 పీపీఎం మించకూడదని, ఎంత ఉందో ట్యూబు మీదా, అట్టపెట్టె మీదా అచ్చు వేయాలని, గడువు తేదీ కూడా ఉండాలని నియమం ఉంది. సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్, ఈ మూడింట్లో ఏ పేరున్నా అది ఫ్లోరైడే. పిల్లల పేస్టులు కొన్నింట్లో 500 లోపే ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. 1000 దగ్గర ఉన్నదానికి పుచ్చు ఆపే శక్తి ఉందని గట్టి రుజువులున్నాయి, తక్కువ ఉన్నవాటికి అంత గట్టిగా లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది కూడా. కాబట్టి పిల్లల కోసమని ప్రత్యేకంగా ఖరీదైనది కొనాల్సిన పని లేదు. ఇంట్లో పెద్దలు వాడే మామూలు పేస్టు మీద 1000 పీపీఎం అని ఉంటే అదే చాలు, బిడ్డకు తక్కువ పెట్టాలి, అంతే.

రెండోది, పళ్లు తెల్లగా చేస్తామనేవి, బొగ్గు కలిపినవి పిల్లలకు వద్దు. గరుకుగా ఉండి లేత పంటిని అరగదీస్తాయి.

మూడోది, రుచి. బిడ్డ నోరు మూయకుండా తోమించుకునేంత తీపి వాసన ఉంటే చాలు, మిఠాయిలా నాకేంత ఉండొద్దు. ఏ పేస్టయినా పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. 50 గ్రాముల ట్యూబు మొత్తం చిన్నబిడ్డ తినేస్తే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

నాలుగోది, ట్యూబు అడుగున ఉండే రంగు గీత. ఆకుపచ్చ గీత ఉంటే మూలికలతో చేసింది, నల్ల గీత ఉంటే రసాయనాలు అని ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. అది అబద్ధం. ట్యూబును ఎక్కడ కోసి అతికించాలో ఫ్యాక్టరీలో యంత్రానికి చూపించే గుర్తు అది. అంతకు మించి దానికి అర్థం లేదు.

ఇంటికి తెచ్చాక ఎంత పెట్టాలి? మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి మూడేళ్లు వచ్చే వరకు బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠానీ గింజంత. పేస్టు పెట్టేది పెద్దల చెయ్యి, పిల్లల చెయ్యి కాదు. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. రెండింట్లో రాత్రిదే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, పంటికి కాపలా ఉండదు. తోమాక ఉమ్మేయాలి, గిన్నెడు నీళ్లతో పుక్కిలించాల్సిన పని లేదు. ఏడెనిమిదేళ్లు వచ్చే వరకు పక్కన ఒక పెద్దవాళ్లు నిలబడాలి. ఆ పెద్దవాళ్లు అమ్మే కానక్కర్లేదు. తెల్లవారుజామున పనికి పోయే ఇళ్లలో అన్న నిలబడాలి, బాబాయి నిలబడాలి. తోమాక మళ్లీ పాలు, బిస్కెట్టు పెట్టొద్దు. పాల సీసాతో పడుకోబెట్టొద్దు. పాల పళ్లే కదా, ఊడిపోతాయి కదా అనొద్దు. ఇరవై పాల పళ్లలో వెనక దవడ పళ్లు పది పన్నెండేళ్ల వరకు ఉండాలి. కింద వచ్చే పన్నుకు చోటు పట్టి ఉంచేవి అవే.

పెద్దలు అడుగుతారు, మేం వేప పుల్లతో, కానుగ పుల్లతో తోమలేదా అని. తోమారు, నిజమే. పుల్ల చెడ్డది కాదు. కానీ మీ చిన్నతనంలో తాండాలో రోజుకు ఎన్ని చాక్లెట్లు దొరికేవి? జొన్నరొట్టె తిన్న నోటికి పుల్ల సరిపోయింది. చిప్స్, కూల్‌డ్రింక్ తాగే నోటికి సరిపోదు. పైగా మూడేళ్ల బిడ్డ పుల్ల నమిలితే చిగుళ్లు గీసుకుంటాయి. ఇష్టమైతే పెద్దయ్యాక పండగపూట పుల్ల వేసుకోనివ్వండి, అది మన అలవాటు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు మాత్రం వద్దు. పొగాకు కలిపిన పళ్లపొడి అసలే వద్దు. పేస్టులో, పళ్లపొడిలో పొగాకు కలపడాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

చివరిగా, మనం చూసుకోవాల్సింది రెండు ఇళ్ల నీళ్లు. ఇక్కడొకటి, తాండాలో ఒకటి.

ఇక్కడ మనం తాగేది ఎక్కువగా కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ జలాలు కోదండాపూర్‌లో శుద్ధై, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా మన పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు 2004 నుంచి వస్తున్నాయి. ఆ పైపు మన ఊళ్ల పక్క నుంచే వచ్చింది. అది నగరానికి నీళ్లు తెచ్చాక కూడా ఆ దారి పక్క తాండాలు చాలా ఏళ్లు బోరే తాగాయి. ఆ బాధ మనకు తెలుసు. ఇప్పుడు ఇక్కడ కృష్ణా నీళ్లు, లేదంటే ఆర్వో క్యాన్. ఆర్వో నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. అంటే మన పిల్లల కథ తిరగబడింది. తాతకు ఎక్కువైంది. మనవరాలికి నీళ్లలో లేదు, వీధి చివర దుకాణంలో చక్కెర మాత్రం నిండుగా ఉంది. తాత జబ్బుకు భయపడి మనవరాలికి మందు మానేశాం.

తాండాలో మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడమనండి. రుచి బాగుందని బోరు దగ్గరకు పోయే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మామూలు ఫిల్టరుతోనూ పోదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించి, మన జిల్లా పేరుతో నల్గొండ పద్ధతి అని పిలిచింది. ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని వాడారు. మనకు పనికొచ్చే దారి ఇంకా సులువు, ముందు నీళ్లు పరీక్ష చేయించడం. బోరు తప్ప దిక్కులేని చోట ఉన్న బిడ్డకు ఏ పేస్టు, ఎంత అన్నది పళ్ల డాక్టర్ని అడిగే నిర్ణయించండి. ఇక్కడ చెప్పిన కొలత అక్కడ కళ్లు మూసుకుని వాడొద్దు.

డాక్టర్ అంటే డబ్బు అని భయపడొద్దు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఎల్బీ నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి దగ్గరే. నొప్పి వచ్చాక కాదు, మొదటి పుట్టినరోజు నాటికే ఒకసారి బిడ్డ నోరు చూపించండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మన ఇళ్లలో లేబుల్ చదవగలిగిన మొదటి తరం మనమే. యాడి దుకాణంలో బొమ్మ చూసి కొంటుంది, తప్పు ఆమెది కాదు. వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవాల్సింది మనం. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక చేయాల్సిన పని ఒక్కటే. స్నానాలగదిలో ఉన్న ట్యూబు తిప్పి పీపీఎం ఎంతో చదవండి. ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే బ్రష్షు మీద బియ్యపు గింజంత మీరే పెట్టి, పక్కన నిలబడి తోమించండి. హాస్టల్లో ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

మా పాత పోస్టరును తీసేశాం. దాని బదులు కొత్తది తయారు చేశాం, ఈసారి డాక్టర్‌కు చూపించాకే. మీ గ్రూపుల్లో పాతది ఇంకా తిరుగుతుంటే, తప్పు మాదేనని చెప్పి ఆపండి.

ముందు వరసలో కూర్చున్న మా పాప ఇందాకటి నుంచి నోరారా నవ్వుతోంది. తీసేసిన పళ్ల చోట ఇంకా ఖాళీయే. ఆరేళ్లు దాటాక అక్కడ కొత్త పళ్లు వస్తాయి. ఆ పళ్లకు మచ్చా రాకూడదు, పుచ్చూ రాకూడదు. ఆమె ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. మాకు కావాల్సింది అంతే.

సెలవు. జై సేవాలాల్.